రేవువాణి అప్పగింతలు

ట్రాము ఆగింది. ఆగితే ఆగింది గాని, గంటయినా కొట్టకుండా, ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకు లాగినట్టు మైదానం నడిమధ్యన నిలబడిపోయింది. అటూ ఇటూ గడ్డి, గడ్డిలో మేకలు, మేకల అవతల పొగమంచులో పలచబడిన ధర్మతలా మేడలు, ఆ మేడల్లో ఒకదాని మూడో అంతస్తులో ఆ కేంద్ర ప్రభుత్వ ఆఫీసు, అది అయిదింటికి మూసేస్తారు, ఇవాళ దాటితే గడువు దాటినట్టే, ఇంకో ఏడాది దాకా లైసెన్సు వద్దన్నా వదలదు. లోయిస్ టీచరు ఒళ్లోని ఫైలు మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకుంది. ప్రభువా, ఈ ట్రామును నడిపించు అనాలి. ప్రభువా, ఇంకాసేపు ఆపు అనాలని ఉంది. ఏదన్నా వినేవాడు ఒక్కడే కాబట్టి రెంటికీ కలిపి ఆమెన్ అనేసి ఒక కన్ను తెరిచింది. ముందు పట్టాల మీదుగా ఎర్రజెండాలు పోతున్నాయి, పుట్ట పగిలినట్టు, జిల్లాల నుంచి లారీల్లో దిగిన జనం, మెడలో గళ్ల మఫ్లర్లు, చేతుల్లో మరమరాల పొట్లాలు, బ్రిగేడు మైదానంలో సభట. "మిఛిల్, దీదీ, మిఛిల్," అన్నాడు కండక్టరు, వాన పడుతోంది అన్నట్టు, అందులో ఎవరి తప్పూ లేదన్నట్టు. అని, దిగి గడ్డిలో నిలబడి బీడీ ముట్టించాడు. ఊరేగింపు అయ్యేదాకా ట్రాము కదలదు. ఈ ఊళ్లోనే పుట్టి యాభయ్యో పడికి దగ్గరపడుతున్న మనిషికి మిఛిల్ గురించి ఒకరు చెప్పాలా, నాన్నను సమాధుల తోటకు తీసుకుపోతుంటే కూడా ఒకటి అడ్డం వచ్చింది, వాళ్లు జెండాలు దించి దారిచ్చారు, ఆ మర్యాద చెప్పుకుని చెప్పుకుని అమ్మ చనిపోయేదాకా వాళ్లకే ఓటేసింది.

ఫైల్లో ఉన్నది ఒక్కటే కాగితం, మూడు సింహాల ముద్ర వేసి ఢిల్లీ నుంచి వచ్చింది. ఏక్‌బాల్‌పూర్ ఎబెనెజరు తెలుగు పాఠశాల వారు రేడియో స్టేషను నడుపుకోవచ్చునని అందులో ఉంది. ఆ స్టేషను పేరు రేవువాణి. నాలుగేళ్లు నడిచింది, ఇక నడవదు. లైసెన్సు తిరిగి ఇచ్చేద్దామని బడి కమిటీ తీర్మానించింది, ఇచ్చి రావలసిన పని లోయిస్ మీద పడింది, ఎందుకంటే ఆ నాలుగేళ్లూ స్టేషను డైరెక్టరూ, అనౌన్సరూ, గది ఊడ్చే మనిషీ అన్నీ ఆమే. "పెంచినవాళ్లే అప్పగింతలు పెట్టాలమ్మా," అన్నాడు హెడ్మాస్టరు జీవానందం గారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. ఆయన పదిహేడు మంది పిల్లల చేత ఏడుపు పాట ఒకటి పాడించాలని కూడా చూశాడు గాని పిల్లలకు క్రికెట్ ఉందట. అప్పగింతలంటే వెంట ఒక పెద్దముత్తైదువ ఉండాలి, ఈ అప్పగింతలకు వెంట వచ్చింది దాలమ్మ, ముత్తైదువ కూడా కాదు. ఓడరేవు డాకుల్లో ఖలాసీ చేసిన మొగుడు పోయి చాలా ఏళ్లయింది, ఖిదిర్‌పూర్ బజారులో ఎండుచేపల కొట్టు, డెబ్బై దాటిన ఒళ్లు, ఇవాళ మాత్రం కొట్టు కట్టేసి, మనవడి పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, ఖిదిర్‌పూర్ మోడ్ కూడలిలో కాచుకుని ట్రామెక్కింది. "నానూ వస్తాను టీచరమ్మా. ఆ కాయితం ఏ మొగం పెట్టుకుని తీసుకుంటాడో ఆ బాబుని నా కళ్లతో సూడాల." ఆ మాటకు లోయిస్ జరిగి చోటిచ్చింది. పాపం, పెద్దావిడ, ఏడవడానికి వచ్చింది, ఏడిస్తే ఎలా ఓదార్చాలి, రెండు రుమాళ్లు తెచ్చుకోవలసింది.

దాలమ్మ దగ్గర పైకి పట్టుచీర వాసన, పట్టుచీర కింద ఎండు నెత్తళ్ల వాసన, ఆ రెండో వాసన ఆమె వంటల కార్యక్రమం ఉన్న బుధవారం సాయంత్రం స్టూడియో గదిలోంచి పోయేది కాదు, గురువారం కూడా పోయేది కాదు. స్టూడియో అంటే పాత సైన్సు గది సామాన్ల కొట్టు, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించారు, చప్పుడు మింగుతాయట, మూలన ఒక ఎముకల గూడు ఉండేది, దాన్ని తీసి పెట్టే చోటు లేక దుప్పటి కప్పి ఉంచారు, ప్రసారానికి వచ్చిన ప్రతి కొత్త అతిథీ ముందు దాని వంక చూసి, తరవాత మైకు వంక చూసి, దేనికి దండం పెట్టాలో తెలియక రెంటికీ పెట్టేవాడు. ఎలా మొదలైంది ఇదంతా, జీవానందం గారు ఢిల్లీలో ఏదో సభకు వెళ్లారు, అక్కడ బళ్లకు కూడా రేడియో ఇస్తారని విన్నారు, దరఖాస్తు పెట్టారు, మర్చిపోయారు, అందరూ మర్చిపోయారు, ఆయన పెద్ద కూతురు పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఒక రోజు ఆ కవరు వచ్చింది. వద్దనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మూడు సింహాలు కదా. మేడ మీద స్తంభం పాతారు, పాతినవాడు దాన్ని ఎటు తిప్పాడో ఏమో, బడి కిందనే ఉన్న బైరాగి టీకొట్టులో గరగరమనేది గాని, గంగ మధ్యలో లాంచీ నడిపే ఒక సారెంగు ఫోను చేసి, మీ ప్రోగ్రాం నీళ్ల మీద ఫస్టుక్లాసుగా వినిపిస్తోంది దీదీ, ఒక్క ముక్క అర్థం కావడం లేదు, ఆపకండి అన్నాడు.

గరగర పోయాక మాత్రం, ఆ మొదటి చలికాలం, అది వేరు, అది నిజం. ఒక రోజు ముందే రికార్డు చేసిన కార్యక్రమం పెట్టేసి ఇంటికి బయల్దేరింది, సందులోకి తిరగ్గానే తన గొంతు ఒక గుమ్మంలోంచి వినిపించింది, ఆ గుమ్మం దాటితే తరవాతి గుమ్మంలోంచి, ఆ తరవాత మేడమెట్ల మీంచి, మంగలి దుకాణంలోంచి, ఒక్క వాక్యం ఎక్కడా తెగకుండా తనతోపాటు నడిచింది. మెట్ల మీద బియ్యం ఏరుతున్న ఆడవాళ్లు తలెత్తి, రేడియోలో మాట్లాడుతున్న మనిషి సందులో నోరు మూసుకుని పోవడం చూసి, దయ్యాన్ని చూసినట్టు నోరు తెరిచారు. లోయిస్‌కు సిగ్గేసింది, కొంగు తల మీదికి లాక్కుంది, కాని ఆ రాత్రి తమ్ముడు సాల్మన్ రాజు ఇంట్లో, తన వంతుగా దక్కిన మూల స్టూలు మీద కూర్చుని, మరదలు చూసే బెంగాలీ సీరియలు కేసి చూస్తూ, లోపల్లోపల నవ్వుకుంది. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. సాయంత్రాలన్నీ దాని మీదే కొద్దిగా ఎడమకు ఒరిగి గడిచాయి, రేడియో వచ్చేదాకా.

మేకలు రెండు పట్టాల మీదికి వచ్చాయి, ట్రామును చూసి అది కదలదని వాటికి కూడా తెలిసిపోయింది. బిలాము గాడిద గుర్తొచ్చింది. బిలాము తొందర తొందరగా పోతుంటే దేవదూత దారికి అడ్డంగా నిలబడ్డాడు, గాడిదకు కనిపించాడు, బిలాముకు కనిపించలేదు, గాడిద మొరాయించింది. మరి ఈ గాడిదకు ఎవరు కనిపించారు, ఎర్రజెండా పట్టుకున్న దేవదూతా? లైసెన్సు ఇవ్వొద్దనా అర్థం? ఆ పెద్ద మీసాలాయన, ఎడంచేత్తో మరమరాలు నోట్లో పోసుకుంటూ కుడిచెయ్యి పిడికిలి బిగించి గాల్లోకి లేపుతున్నాడు, ఆయన దేవదూతలా లేడు, అయినా గాడిదకు తెలిసినట్టు మనకు తెలియదు కదా.

లైసెన్సు షరతుల్లో మొదటిది, వార్తలు చెప్పకూడదు. రాజకీయం కూడదు, వార్త కూడదు. ఏక్‌బాల్‌పూర్ సందుల్లో జనానికి కావలసింది ఒక్కటే, కుళాయి ఎప్పుడొస్తుంది. అది వార్తా కాదా అని జీవానందం గారు రెండు రోజులు అన్నం సహించక ఆలోచించి ఒక తీర్పు చెప్పారు: నీళ్లు వచ్చాయి అంటే జరిగిపోయిన సంగతి, కనుక వార్త, నీళ్లు వస్తాయి అంటే ఇంకా జరగలేదు, కనుక ఆశాభావం, ఆశాభావానికి అడ్డు లేదు. లోయిస్ ఆ సాయంత్రమే మెత్తని గొంతుతో నీళ్లు వస్తాయని చెప్పింది. సందు సందంతా బకెట్లు పెట్టుకు కూర్చుంది. రాలేదు. ఆడవాళ్లంతా ఖాళీ బకెట్లతో బడి మెట్లెక్కి, "రేడియోలో ఒచ్చిన నీలు ఏయమ్మా?" అని నిలదీశారు. మర్నాటి నుంచి, ప్రభువు చిత్తమైతే నీళ్లు వస్తాయి అని చెప్పడం మొదలుపెట్టింది. పక్క సందు ముస్లిం పెద్దలకు అది బాగా నచ్చింది, మా మాటనే మీ భాషలో అంటున్నారని హెడ్మాస్టరుకు సేమియా పంపారు. తరవాత పార్టీ లోకల్ కమిటీ ఆఫీసు నుంచి తపన్‌దా వచ్చాడు, మర్యాదస్థుడు, భుజానికి గుడ్డసంచి, తెలుగు రాదు, అయినా విని తీరాలన్నాడు, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని దాలమ్మ వంటల కార్యక్రమం మొత్తం కళ్లు మూసుకుని విన్నాడు. ఏం చెబుతోంది అని అడిగాడు. కాకరకాయ చేదు పోవాలంటే ఉప్పు రాసి గట్టిగా పిండాలంటోంది అని చెప్పింది లోయిస్. తపన్‌దా హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవర్ని ఉద్దేశించి?" అన్నాడు.

నవ్వొచ్చింది, ట్రాములో ఒక్కతే నవ్వితే బాగుండదని దగ్గుగా మార్చుకుంది. దాలమ్మ కిటికీలోంచి మిఛిల్‌నే చూస్తోంది, పెదవులు కదుపుతోంది, జెండాలు లెక్కపెడుతోందో, శాపనార్థాలు పెడుతోందో. ఏమాటకామాట చెప్పుకోవాలంటే పిల్లలతోనే అసలు కష్టం. తెలుగు ఇంట్లో మాట్లాడతారు, చదవలేరు. హైమ అని తొమ్మిదో తరగతి పిల్ల, గొంతు గంట మోగినట్టుండేది, తెలుగు వాక్యాలన్నీ బెంగాలీ అక్షరాల్లో రాసుకుని మైకు ముందు చదివేది. బెంగాలీ అక్షరాల్లో 'వ' లేదాయె, 'బ' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. "రేబుబాణికి స్బాగతం. ఈ బారం బానలు బస్తే బీధుల్లో బరద బస్తుంది, బంటచెరకు భద్రం." ఇంట్లో శుభ్రంగా వాన అనే పిల్లే. నెల తిరక్కుండా సందులో చిన్నాపెద్దా అంతా రేబుబాణి అనడం నేర్చారు, ఆఖరికి కమిటీ కార్యదర్శి గోవిందరాజు గారు కూడా తీర్మానంలో నోరు జారి అదే చదివారు. హైమ ఇప్పుడు సాల్ట్‌లేకులో ఫోన్లెత్తే కంపెనీలో ఉంది, అక్కడ దాని పేరు హెలెనట, అమెరికా వాళ్ల వాషింగ్ మిషన్లకు జబ్బు చేస్తే నయం చేస్తుందట. వాషింగ్ అనేటప్పుడు మరి ఏమంటోందో. హైమ పోయాక ఇంకో పిల్ల రాలేదు. పాటలు పాడేవాళ్లు తగ్గారు, ముందు దసరా అని, తరవాత పరీక్షలని, తరవాత ఏ కారణమూ చెప్పకుండా. మిగిలింది తనూ, బుధవారం దాలమ్మా. కాని వినేవాళ్లు ఉన్నారు, అదే కదా ముఖ్యం, బైరాగి ఒక్కడు చాలు, క్రేను నడిపి రిటైరయి టీకొట్టు పెట్టుకున్న మనిషి, ఎప్పుడు ఆ దారిన పోయినా పాత రేడియోకు చెవి ఆనించి, కళ్లు అరమూసి, చేత్తో ఆగు ఆగు అని సైగ చేసేవాడు, అంత శ్రద్ధ. "ఇయ్యాల పోగ్రాం అదిరిపోనాది టీచరమ్మా," అనేవాడు. అందుకే కమిటీలో లేచి నిలబడింది, ఎప్పుడూ నోరెత్తనిది, బల్ల పట్టుకుని, బైరాగి లాంటి వాళ్లకు, దాలమ్మ లాంటి వాళ్లకు ఈ రేడియో ఒక్కటే దిక్కు అంది, పేదవాళ్ల నోరు నొక్కకండి అని కూడా అంది. అందరూ బల్ల కేసి చూశారు. గోవిందరాజు గారైతే జేబురుమాలు నోట్లో కుక్కుకున్నంత పని చేశారు, ఏడుపు ఆపుకుంటున్నారనుకుంది. అయినా తీర్మానం నెగ్గింది, ఆ గదిలో కంప్యూటర్లు పెడతారట.

ఎండ మెత్తబడుతోంది. మిఛిల్ తోక కనిపించడం లేదు. ఇలాగే ఇంకాస్సేపు, ఇంకాస్సేపు కూర్చుంటే చాలు, ఎవరి తప్పూ కాదు, ట్రాము ఆగింది, ఆఫీసు మూసేశారు, జీవానందం గారూ, నేనేం చేసేది, దైవనిర్ణయం అంటే ఆయన కూడా ఎదురు చెప్పలేడు, బిలాము గాడిద కథ ఆయనకూ తెలుసు. ఫైలు వెచ్చగా ఉంది. పసిబిడ్డ ఒళ్లో ఉంటే ఇలాగే ఉంటుందేమో, తనకు తెలియదు.

"టీచరమ్మా, దిగు," అంది దాలమ్మ.

"ఎక్కడికి దాలమ్మప్పా? మిఛిల్ అయ్యాక ట్రామే పోతుంది."

"అది ఎల్లీసరికి ఆఫీసు కట్టీస్తారు. నడిసి పోదుము రా. నా మోకాళ్ల సంగతి నాను సూసుకుంటాను."

లోయిస్ ఆమె చెయ్యి పట్టుకుంది. రేడియోలో మాట్లాడే గొంతుతో, ఓదార్పుగా, "కడితే కట్టనీ. ఇంకో ఏడాది నడుపుకోవచ్చు. నీ వంటల ప్రోగ్రాం ఎక్కడికీ పోదు," అంది.

దాలమ్మ ముఖం, జైల్లోంచి రేపు వదులుతామని చెప్పి ఇంకో ఏడాది పొడిగించారంటే ఖైదీ ముఖం ఎలా ఉంటుందో అలా అయింది. "ఓలమ్మో! ఇంకో ఏడే!" అంది. అని నాలిక కరుచుకుంది. తరవాత, ఇక దాచి లాభం లేదనుకుందేమో, సీట్లో పూర్తిగా ఇటు తిరిగి కూర్చుంది. "సెప్తే బాధపడతావని సెప్పనేదు తల్లీ. బుధారం బుధారం కొట్టు కట్టీసి ఒచ్చి ఆ గదిలో కూకుంటన్నాను. గాలాడదు. దగ్గకూడదు. ముక్కు సీదకూడదు. ఆ మూల ఎముకలోడొకడు. ఎవులి పేరూ సెప్పకూడదంటావు, పేర్లు నేకండా కబుర్లేటి సెప్తాను? మా తోటికోడలు ఏటి సేసిందో సెప్పకండా కాకరకాయ గురించి ఎంతసేపని సెప్తాను?"

"మరి ఎందుకు వచ్చావు అప్పా, రానంటే సరిపోయేది కదా."

"నీకోసమే. నువ్వొక్కదానివీ ఆ డబ్బా ముందర కూకుని నీలో నువ్వు మాటాడుకుంటుంటే సూడనేకపోనాను."

ట్రాములో ఫ్యాన్లు తిరగడం లేదు గాని చెవుల్లో ఏదో తిరుగుతోంది. నాకోసం. నేనేమో వీళ్లకోసం. ఆదివారం తప్ప నాలుగేళ్లుగా మధ్యాహ్నం ఒక కునుకు తీసిన పాపాన పోలేదు, గొంతు పోయిన రోజున కూడా మిరియాల కషాయం తాగి వచ్చి నీళ్లు వస్తాయని చెప్పింది, తన గొంతు తనకే విసుగు పుట్టి రెండేళ్లయింది, ఆ మాట ఎవరితోనూ అనలేదు, దాలమ్మ ఏమైపోతుందోనని. "బైరాగి ఉన్నాడుగా," అంది చివరికి, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు. "బైరాగి రోజూ వింటాడు."

"ఆడి రేడియో పోయిన వానల్లోనే సచ్చిపోనాది. నువ్వు సందు తిరగ్గానే ఆడు చెవి ఆనించీవోడు. ఒకరోజు నువ్వు కనబడీసరికి ఆడి చేతిలో మరుగుతున్న టీ గిన్నె, అయినా ఆనించినాడు, సెయ్యి కాలిపోనాది. మరి గుడ్డ కట్టుకున్నాడు కదా, నువ్వే అడిగినావు ఏటయ్యిందని."

అడిగింది. ఏం చెప్పాడు? పోగ్రాం వింటూ మైమరచిపోయి కాల్చుకున్నానన్నాడు. అది కూడా కమిటీలో చెప్పింది. పేదవాడు చెయ్యి కాలినా చెవి తియ్యలేదు అని, ప్రసంగం చేసినట్టు. అప్పుడే కదా గోవిందరాజు గారు రుమాలు నోట్లో కుక్కుకున్నది. అయితే ఆయనకు తెలుసు. అందరికీ తెలుసు. జీవానందం గారికి తెలుసా? ఆయన ప్రతి నెలా ఈ రేడియో వల్ల బడికి ఎంత పేరొచ్చిందో ఆమెకు చెప్పేవాడు, ఆమె అడగకపోయినా చెప్పేవాడు, కళ్లజోడు తుడుచుకుంటూ, అబద్ధం చెప్పేటప్పుడే ఆయన కళ్లజోడు తుడుస్తాడు, ఆ సంగతి బడిలో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు, తనకు ఎలా తట్టలేదు. ముఖం మండిపోతోంది. ఏక్‌బాల్‌పూర్ మొత్తం ఒక్క మనిషిని నొప్పించలేక ఒక రేడియో స్టేషనును మోసింది, ఆ ఒక్క మనిషి ఏక్‌బాల్‌పూర్ మొత్తాన్ని నొప్పించలేక దాన్ని మోసింది, గంగలో ఆ లాంచీవాడొక్కడే ఎవరి మొహమాటం లేకుండా విన్నాడు, వాడికి తెలుగు రాదు. ముందు ఏడుపు వచ్చింది, కాని బైరాగి ఒక చేత్తో టీ గిన్నె పట్టుకుని చచ్చిపోయిన రేడియో మీద చెవి వాల్చి కళ్లు అరమూయడం కళ్ల ముందు కనబడి, ఆ ఏడుపు దారి తప్పింది. లోయిస్ నవ్వింది. దగ్గుగా మార్చుకోవడానికి వీల్లేనంత నవ్వు, ఫైలు జారి కింద పడింది, మూడు సింహాలు బెంచీ కిందికి పోయాయి, ఎదుటి బెంచీ బెంగాలీ పెద్దమనిషి వంగి తీసి ఇస్తూ తనూ నవ్వడం మొదలుపెట్టాడు, ఎందుకో ఆయనకు తెలియదు. దాలమ్మ మాత్రం నవ్వలేదు, గట్టిగా ముక్కు చీదుకుంది, నాలుగేళ్ల బాకీ తీర్చుకున్నట్టు. "ఇంక దిగుదుమా?" అంది.

దిగారు. గడ్డి దాటి మిఛిల్లో కలవక తప్పలేదు, అది తప్ప వేరే దారి లేదు, వరదలో కాలు పెట్టినట్టు పెట్టారు, వరదే తీసుకుపోయింది. ఒక కుర్రాడు దాలమ్మ కుంటడం చూసి ఆమె చేతిలో జెండా పెట్టాడు, ఆమె జెండా చుట్టేసి కర్రను ఊతగా వాడుకుంది, ఎవరైనా జిందాబాద్ అన్నప్పుడల్లా ఊపిరి తీసుకోవడానికి ఆగి తనూ జిందాబాద్ అంది. ఎవరికి అని అడిగితే నా మోకాళ్లకి అంది. పట్టుచీర, ఎర్రజెండా, పక్కన ఫైలు పట్టుకున్న చర్చి టీచరు, రోడ్డు పక్క ఫొటోలు తీసేవాళ్లు వీళ్లనే తీశారు. లోయిస్ కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. ఎందుకు తేలిగ్గా ఉన్నాయని తనను తానే అడిగి, జవాబు రాకముందే రోడ్డు దాటేసింది.

ఆఫీసు గుమ్మం దగ్గర జెండా కర్ర లోపలికి కుదరదని కాపలావాడు లాక్కున్నాడు, మెట్లకు లోయిస్ భుజమే దిక్కయింది. లోపల మఫ్లరు చుట్టుకున్న బెంగాలీ అధికారి బల్ల సర్దుకుంటున్నాడు. లైసెన్సు కాగితం చూసి, "కొత్తది ఇంకా రాలేదు, వచ్చే నెల రండి," అన్నాడు. కొత్తది కాదు, తిరిగి ఇవ్వడానికి వచ్చామంది లోయిస్. ఆయన మఫ్లరు విప్పాడు. తిరిగి ఇవ్వడానికా? పక్క బల్లాయన్ను పిలిచాడు, ఆయన ఇంకొకాయన్ను పిలిచాడు, ముగ్గురూ కలిసి సింహాల వంక చూశారు. అడుక్కునేవాళ్లూ, మొత్తుకునేవాళ్లూ, కోర్టుకు పోయేవాళ్లూ వచ్చారు గాని ఇచ్చేస్తామని ఇంతవరకు ఎవరూ రాలేదట. కారణం రాయాలి అన్నాడు మొదటాయన, సాంకేతికమా, ఆర్థికమా, పరిపాలనా పరమైనదా? ఏం చెప్పాలి, మొహమాటం అని రాయమనాలా.

"ఏటంటన్నాడు?" అంది దాలమ్మ.

"ఎందుకు మానేస్తున్నారని అడుగుతున్నారు అప్పా."

దాలమ్మ బల్ల మీద చెయ్యి ఆనించి, బజారులో బేరం ముగించే హిందీలో, "బాబూ, జో బోల్‌నేకా థా, సబ్ బోల్ దియా. ఖతం," అంది. చెప్పవలసిందంతా చెప్పేశాం, అయిపోయింది. అధికారి కలం మూత తీసి, ఇంగ్లీషులో పొడుగ్గా ఒక మాట రాసి, దాన్ని తనే బెంగాలీలో వాళ్లకు చదివి వినిపించాడు: ఆశయం నెరవేరినందువల్ల. ముద్ర వేశాడు. వేసి, లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆశయం నెరవేరిన సంస్థను చూడటం ఇదే మొదటిసారి అని, దాలమ్మకు తన కుర్చీ జరిపి, వెళ్లొద్దు, టీ తాగి వెళ్లమన్నాడు. దాలమ్మ ఆయన ముఖం తేరిపార చూసింది. "మంచోడే పాపం," అంది, కొంచెం నిరాశగా.

టీ బయటే తాగారు, ధర్మతలాలో, భాండాలనే చిన్న మట్టి ముంతల్లో, చేతులు కాచుకుంటూ. దీపాలు వెలుగుతున్నాయి. ఈపాటికి తను మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుంటూ ఉండాలి, ఆ గది ఇప్పుడు చీకటిగా ఉంటుంది, ఎముకల గూడు ఒక్కటే ఉంటుంది, ఆ ఆలోచన వచ్చేసరికి నవ్వు ఎక్కడికో పోయింది. ఒళ్లో ఫైలు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"టీచరమ్మా, ఒకటడుగుతాను. ఇన్నాళ్లూ నువ్వే అందర్నీ అడిగినావు. నీకేటి కావాల?"

నాకు. మైకు లేకుండా ఆ ప్రశ్న వినడం ఇదే మొదలు. ఏం కావాలి, మూల స్టూలుకు సరైన నాలుగో కాలు కావాలి, మరదలు సీరియలు కట్టేసి ఏం వదినా అని ఒక్కసారి అడగాలి, ఇవన్నీ చెప్పుకునేవా. "సాయంత్రాలు గడవవు దాలమ్మప్పా," అంది, ఖాళీ భాండం కేసి చూస్తూ. "రేడియో అందుకే. మీకోసమని చెప్పుకున్నాను గాని."

దాలమ్మ ఆశ్చర్యపోలేదు. భాండం రోడ్డు పక్కన పడేసి పగిలిందో లేదో చూసింది. "అదేటి, అంతేనా? మా యింటికి రా. కూకో. నా తోటికోడలు ఏటి సేసిందో పేరు పెట్టి మరీ సెప్తాను. నాకు బీపీ ఉన్నాది, నీకు సదువు ఉన్నాది, మందు డబ్బీ మీద ఏటి రాసినారో సదువు. దగ్గు. ఏటైనా సెయ్యి."

బస్సు దొరికింది, సీటు కూడా దొరికింది, దాలమ్మ ఎక్కగానే లోయిస్ భుజం మీద తల వాల్చి గురక పెట్టింది. మైదానం చీకట్లో అటువైపు పోతోంది. రేపు వెళ్లాలి. వెళ్లి ఏమనాలి? గుమ్మంలో నిలబడి ఎలా మొదలుపెడతారు మనుషులు? శ్రోతలకు నమస్కారం అనడానికి లేదు. ఈనాటి మన అతిథి అనడానికి లేదు, అతిథి తనే. ఏం చేస్తున్నావు అప్పా అనొచ్చు, చేసేది కనపడుతూనే ఉంటుంది, అయినా అంటారు కాబోలు. చేతిలో ఏమైనా పట్టుకెళ్లాలా, బత్తాయిలా, బత్తాయిలు ఆసుపత్రికి, మిష్టి మిఠాయి పెళ్లికి, ఉత్తినే ఒక మనిషి ఇంటికి ఒక మనిషి పోవడానికి ఏం పట్టుకెళ్తారు. వాక్యాలు అల్లి, కొట్టేసి, మళ్లీ అల్లి, ఒక్కటీ నిలవకుండానే ఖిదిర్‌పూర్ మోడ్ వచ్చేసింది. దాలమ్మ ఉలిక్కిపడి లేచి, పట్టుచీర కుచ్చిళ్లు గుప్పిట పట్టుకుని, కండక్టరును తిడుతూ, వెళ్తున్నానని కూడా చెప్పకుండా దిగిపోయింది. లోయిస్ ఇంకా ముందుకు, మోమిన్‌పూర్ దాకా పోవాలి. బస్సు కదిలింది.

"రేపు పొద్దుండగా రా!" కింద జనంలోంచి దాలమ్మ అరిచింది. "మా సందులో లైటు నేదు!"

లోయిస్ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. మైకుకు బెత్తెడు దూరంలో నోరు పెట్టి, ఊపిరి కూడా వినపడకుండా మాట్లాడటం అలవాటైపోయిన మనిషి, ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు, "వస్తాను అప్పా! రేపే వస్తాను!" అని అరిచిన అరుపుకు ముందు సీట్లో కునుకు తీస్తున్న పెద్దమనిషి అదిరిపడి లేచి, తన స్టాపు వచ్చిందనుకుని దిగిపోయాడు.